టప్పెట్, పాయింటు, ప్లగ్గు: పాత బుల్లెట్ సెట్టింగు విద్య

ఆదివారం పొద్దున్నే అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు ఎక్కితే మోటారు సైకిళ్ల తిరునాళ్లే. మొయినాబాద్, కనకమామిడి, చేవెళ్ల, మన్నెగూడ మీదుగా అనంతగిరి గుట్టల దాకా గుంపులు గుంపులుగా పోతుంటారు. లక్షలు పోసి కొన్న కొత్త బండ్లుంటాయి, తాతలు వదిలిపోయిన పాత బండ్లుంటాయి. జాకెట్లు, హెల్మెట్లు, చేతి తొడుగులు, దేనికీ లోటుండదు. రోడ్డు పక్కన చాయ్ కోసం ఆగినప్పుడు ఆ ఇంజన్లను ఒక్క నిమిషం చెవిపెట్టి వినండి. ఒంటి మీద పెట్టిన ఖర్చులో పదో వంతు కూడా ఇంజను మీద పెట్టలేదని తెలిసిపోతుంది.

వాటి మధ్యకు ఎప్పుడో ఒక పాత బుల్లెట్ వచ్చి ఆగుతుంది. పెయింటు వెలిసిపోయి ఉంటుంది, సీటుకు అతుకులుంటాయి. కానీ స్టాండు వేసి రేసు వదిలేస్తే ఒక లెక్క ప్రకారం కొడుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం మారదు, మధ్యలో ఒక్కటీ తప్పదు. సైలెన్సర్ చివర కాగితం ముక్క పట్టుకుంటే మసి అంటదు. ఆపి, కాసేపు మాట్లాడి, మళ్లీ కొడితే మొదటి కిక్కుకే అందుకుంటుంది. సెట్టింగు అంటే అదీ! కంపెనీలు అమ్మే సరుకు కాదది, ఎక్కడో ఒక చిన్న షెడ్డులో ఒక ఉస్తాద్ చెవితో, వేళ్లతో చేసిన పని. అలాంటి పనికి ఈ రోజుల్లో దక్కుతున్న గౌరవం ఎంతో, దాన్ని మనం ఎలా పాడుచేసుకుంటున్నామో చెప్పకుండా ఉండలేకే ఈ నాలుగు ముక్కలు.

చరిత్ర ఎక్కువ అక్కర్లేదు. బండి ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టింది. 1952లో మన సైన్యం 800 బుల్లెట్లకు ఆర్డరిచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో తయారీ మొదలైంది. ఇంగ్లండు కంపెనీ మూతబడ్డా మన దగ్గర అదే ఇంజను దశాబ్దాల పాటు పెద్ద మార్పు లేకుండా వస్తూనే ఉంది. ఊళ్లో బుల్లెట్ వచ్చిందంటే ఎస్సై గారో, పెద్ద ఆసామో వచ్చాడనే లెక్క. సికింద్రాబాద్ కంటోన్మెంటు నుంచి మిలిటరీ వేలంలో బయటికొచ్చిన బండ్లు ఇటు రంగారెడ్డి జిల్లా పల్లెలకు చాలానే చేరాయని పెద్దలంటారు. పొగ నిబంధనలు బిగుసుకుని 2010 నాటికి ఆ కాస్ట్ ఐరన్ సిలిండర్ ఇంజను ఆగిపోయింది. తర్వాత వచ్చినవి మంచి బండ్లు కావని అనను. కానీ వాటిలో సెట్టింగు రానురాను కంప్యూటర్ చేతికి పోయింది. నేను పుట్టుకతోనే కాస్ట్ ఐరన్ పక్షం వాణ్ని, ముందే చెప్పేస్తున్నాను.

ఆ ఇంజనులో దాపరికం లేదు. ఒకటే సిలిండర్, 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 346 సీసీ. పవరు 18 హార్స్‌పవర్ మాత్రమే. ఈ లెక్క చూసి కుర్రాళ్లు నవ్వుతారు. బోరు కంటే స్ట్రోకు అంత పొడుగున్న ఇంజను తక్కువ స్పీడులోనే బలంగా లాగుతుందని, బరువైన ఫ్లైవీలు ఆ ఊపును నిలబెడుతుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. టాప్ గేరులో నెమ్మదిగా పోతూ కూడా క్లచ్ ముట్టుకోకుండా గుట్ట ఎక్కే గుణం అందులోంచి వచ్చిందే. ఈ బుల్లెట్ మీదే జానీ బ్రిటన్ 1952లో, మళ్లీ 1957లో స్కాట్లండ్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచాడు. రాళ్లు, బురద, వాగుల మధ్య ఆరు రోజులు సాగే పోటీ అది. అందులో గెలిపించేది స్పీడు కాదు, రేసు ఇచ్చినంత మేరకే కదిలే ఇంజను. స్విట్జర్లండులో ఫ్రిట్జ్ ఎగ్లీ లాంటి మహామహుడు కూడా మన మద్రాసు బుల్లెట్లను తీసుకుని ట్యూన్ చేసి చూపించాడు. ఇంత మంచి ముడిసరుకు మన షెడ్లలో పడి ఉంది.

క్రమం తప్పితే సెట్టింగు లేదు

మొయినాబాద్ మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి రేకుల షెడ్డు ఒకటుంది. అక్కడి ఉస్తాద్ పేరు రాయొద్దన్నాడు. రాస్తే పని కోసం కాక సెల్ఫీల కోసం వస్తారట. ఆయన పద్ధతి చూస్తే పాత పుత్లీబౌలి, రాణిగంజ్ మిస్త్రీల తరం గుర్తొస్తుంది. బండి షెడ్డు ముందు ఆగకముందే చెప్పేస్తాడు: "ఎగ్జాస్ట్ టప్పెట్ టైటుంది సాబ్. ఎవడు ముట్టిండు దీన్ని?" అడిగితే ఒక్కటే మాట: "బండి చెప్తనే ఉంటది. మీరే ఇనరు."

ఆయన దగ్గర క్రమం మారదు. ముందు టప్పెట్లు, తర్వాత పాయింట్ల గ్యాపు, ఆ తర్వాత టైమింగు, అన్నీ అయ్యాకే కార్బేటర్. బస్తీ మెకానిక్కులు నూటికి తొంభై మంది బండి రాగానే కార్బేటర్ మీదే స్క్రూడ్రైవర్ పెడతారు. పునాది కుంగిన ఇంటికి సున్నం కొట్టినట్టుంటుంది ఆ పని. వాల్వు సరిగా మూసుకోనప్పుడు, నిప్పు సరైన వేళకు పడనప్పుడు, కార్బేటర్‌లో ఏ స్క్రూ తిప్పినా ఆ పూటకే.

టప్పెట్ల పని ఇంజను పూర్తిగా చల్లారాకే. రాత్రి వదిలిపోయిన బండి పొద్దున పట్టుకుంటాడు ఉస్తాద్. పిస్టన్‌ను కంప్రెషన్ మీద పైకి తెచ్చి, సిలిండర్ కుడిపక్కన ఉన్న మూత విప్పుతాడు. లోపల రెండు పుష్‌రాడ్‌లు నిలబడి ఉంటాయి. రాడ్‌ను బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుంటే నున్నగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏ మాత్రం ఆడకూడదు. ఆడితే టకటక మోత. తిరగకపోతే వాల్వు తెరుచుకునే ఉండిపోతుంది, కంప్రెషన్ కారిపోతుంది, కొన్నాళ్లకు ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. లాక్‌నట్ బిగించేటప్పుడు సెట్టింగు వెంట్రుకవాసి కదులుతుంది. అందుకే బిగించాక మళ్లీ రాడ్ తిప్పి చూడాలి. నలుగురిలో ముగ్గురు చూడరు.

ఇక్కడ పాపం సగం మనదే. "సౌండ్ అస్సలు రావొద్దు భయ్యా" అని వెంటపడేది కస్టమరే. పాత ఇంజను చిన్నగా టిక్ టిక్ మనడం ఆరోగ్యం. ఆ టిక్ టిక్ వినలేక టప్పెట్ బిగించమంటారు. బతకనేర్చిన మెకానిక్కు బిగించేస్తాడు. చప్పుడు పోతుంది, వాల్వు కూడా పోతుంది. ఉస్తాద్ మాత్రం బిగించడు. "సప్పుడొద్దంటే కరెంటు బండి కొనుక్కో" అంటాడు. అలా చెప్పి కస్టమర్‌ను వదులుకునే దమ్మున్నవాళ్లు ఇప్పుడెంతమంది?

సిగరెట్ కాగితం మీద టైమింగు

కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో నిప్పు పుట్టించేది పాయింట్లు. సిలిండర్ వెనక చిన్న డబ్బాలో రెండు లోహపు మొనలు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి. తెరుచుకున్న క్షణాన కాయిల్‌లో హైటెన్షన్ కరెంటు పుట్టి ప్లగ్గు దగ్గర దూకుతుంది. ఆ మొనల మధ్య గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాపు పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగు ముందుకు జరుగుతుంది. గ్యాపు తర్వాతే టైమింగు చూడాలనేది అందుకే. మొనలు గుంటలు పడి, మధ్యలో నిప్పురవ్వలు ఎక్కువగా ఎగురుతుంటే కండెన్సర్ పోయినట్టు. అప్పుడు పాయింట్లు ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగే.

టైమింగు పెట్టేటప్పుడు ఉస్తాద్‌ను చూడాలి. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి సైకిల్ పుల్ల ఒకటి లోపలికి దించుతాడు. టాప్ గేరులో వేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ పిస్టన్ ఎక్కడుందో పుల్ల కదలికతో పట్టుకుంటాడు. పైకి పూర్తిగా చేరడానికి ఒక మిల్లీమీటరు కూడా మిగలని చోట పాయింట్లు విడిపోవాలి. ఆ విడిపోయే క్షణం కంటికి కనిపించదు. అందుకని సిగరెట్ డబ్బాలోని పల్చటి కాగితం చింపి మొనల మధ్య పెడతాడు. ఒక చేత్తో కాగితాన్ని మెల్లగా లాగి పట్టుకుని, రెండో చేత్తో చక్రాన్ని ముందు వెనక్కి బాగా తిప్పి, తర్వాత ముందుకు తెస్తాడు. నేరుగా ముందుకు తెస్తే సరిపోదా అంటే, గేర్ల పళ్ల మధ్య ఉన్న ఖాళీ లెక్కలోకి రాకూడదట. చక్రం ముందుకొస్తుంది, పుల్ల లేస్తుంది, కాగితం పట్టు వీడి వేళ్లలోకి వచ్చేస్తుంది. ఆ చోటే పాయింట్లు తెరుచుకున్న చోటు. తప్పితే డబ్బా క్లాంపు వదులు చేసి రవ్వంత తిప్పి, మళ్లీ మొదటినుంచి. విసుగన్నది లేదు. స్ట్రోబ్ లైట్లు, మీటర్లు లేని రోజుల్లో ఈ కాగితం ముక్కతోనే హైదరాబాద్ మిస్త్రీలు వేల ఇంజన్లకు ప్రాణం పోశారు. దీన్ని నాటు పద్ధతి అని ఈసడించేవాళ్లు ఒకసారి చేసి చూపించాలి.

టైమింగు మరీ ముందుకు జరిగితే కిక్కు వెనక్కి తంతుంది. పాత బుల్లెట్ నడిపినవాళ్లలో కాలి పిక్క మీద ఆ గుర్తు లేనివాళ్లు అరుదు. వెనక్కి జరిగితే పికప్ చచ్చి, ఇంజను ఊరికే వేడెక్కి, సైలెన్సర్ బెండు నీలం తిరుగుతుంది. సరిగ్గా ఉంటే కిక్కు బలంతో పనిలేదు, ఉపాయం చాలు. ఆమీటరు ముల్లు మధ్యకు వచ్చేదాకా కిక్కు మెల్లగా నొక్కి, డీకంప్రెసర్ పట్టుకుని పిస్టన్‌ను కొద్దిగా దాటించి, కిక్కు పైకి వదిలి, ఒక్కసారి నిండుగా తొక్కాలి. బక్కపలచటి మనుషులు ఒక్క తన్నుతో లేపే బండిని జిమ్ముకెళ్లే కుర్రాళ్లు చెమటలు కక్కుతూ పది తన్నులు తన్నడం చేవెళ్ల చౌరస్తాలో ఎన్నోసార్లు చూశాను.

ప్లగ్గు చూసి లోపలి సంగతి చెప్పడం

ప్లగ్గు చిన్న వస్తువు. కానీ సిలిండర్ లోపల జరుగుతున్నది బయటికి చూపించే వస్తువు అదొక్కటే. ప్లగ్గు గ్యాపు అర మిల్లీమీటరు, కాస్త పైన. ఫీలర్ గేజ్ లేనిచోట మన మిస్త్రీలు యాక్సా బ్లేడు పెట్టి చూసుకుంటారు. ఆ బ్లేడు మందం కూడా ఇంచుమించు అంతే, కాబట్టి నవ్వకండి.

గ్యాపు కంటే ముఖ్యమైనది ప్లగ్గు వేడి స్థాయి. ప్లగ్గు కొన సుమారు 450 డిగ్రీలు దాటితేనే తన మీది మసిని తానే కాల్చేసుకుంటుంది. 850 దాటితే నిప్పు పడకముందే పెట్రోలును అంటించేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉంచడానికే వేడి ప్లగ్గులు, చల్ల ప్లగ్గులు అని రకాలు. లోపలి పింగాణీ ముక్కు పొడుగుంటే వేడి ప్లగ్గు, పొట్టిగా ఉంటే చల్ల ప్లగ్గు. చిక్కంతా నంబర్లతోనే. ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్గు చల్లబడుతుంది, బాష్‌లో నంబరు పెరిగితే వేడెక్కుతుంది. ఇది తెలియక ఒకదాని నంబరు చూసి ఇంకోటి బిగించేవాళ్లు ఎందరో. మరలున్న భాగం పొడవు కూడా చూడాలి. పొడుగైనది బిగిస్తే పిస్టన్‌కు తగిలే ప్రమాదం, పొట్టిది బిగిస్తే మిగిలిన మరల్లో కార్బన్ పేరుకుంటుంది. బుల్లెట్ హెడ్డు అల్యూమినియం. పానా పట్టుకుని బలం చూపిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. వేళ్లతో చివరిదాకా తిప్పి, కొత్త వాషర్ అయితే ఆపైన అర చుట్టు. అంతే.

ఇక చదవడం. చేవెళ్ల వైపు ఖాళీ రోడ్డు దొరికినచోట ఉస్తాద్ బండిని టాప్ గేరులో ఒకే రేసు మీద కొంత దూరం లాగుతాడు. అదే ఊపులో క్లచ్ పట్టి, ఇంజను ఆపేసి, పక్కకు దొర్లించి అక్కడే ప్లగ్గు విప్పుతాడు. నిదానంగా ఆగి, కాసేపు స్లోలో కొట్టనిచ్చి విప్పితే స్లో స్పీడు మసి వచ్చి అసలు రంగును కప్పేస్తుంది. పింగాణీ బిస్కెట్ రంగులో ఉంటే సరి. తెల్లగా, పొడిగా, మెరుస్తూ ఉంటే పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ. పొడి మసి పట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. నల్లగా, తడిగా, ఆయిల్ అంటి ఉంటే అది కార్బేటర్ పని కాదు, రింగులకో వాల్వు గైడ్లకో కాలం దగ్గరపడింది. సీసం లేని పెట్రోలు వచ్చాక ఆ రంగు మునుపటంత చిక్కగా రాదు. అందుకే ఉస్తాద్ పింగాణీ కొన చూసి ఊరుకోడు. ప్లగ్గును ఎండకు పట్టి, ముక్కు లోపల అడుగున సన్నటి చుట్టు కోసం వెతుకుతాడు. కొత్తవాళ్ల కంటికి అక్కడ ఏమీ ఉండదు. ఆయన మాత్రం చూసి, "మెయిన్ జెట్ ఒక సైజు పెంచాలె" అని లేస్తాడు.

కార్బేటర్ వంతు ఆఖరున వస్తుంది. ఇంజను బాగా వేడెక్కాక ఎయిర్ స్క్రూను లోపలికీ బయటికీ మెల్లగా తిప్పుతూ, ఏ చోట స్పీడు పెరుగుతుందో విని అక్కడ ఆపి, స్లో స్క్రూతో దించుకోవాలి. స్లోలో ఎయిర్ స్క్రూ, మధ్య రేసులో నీడిల్ క్లిప్పు, ఫుల్ రేసులో మెయిన్ జెట్ పనిచేస్తాయి. ఎక్కడ మిస్సింగ్ ఉందో తెలిస్తే ఏది ముట్టుకోవాలో తెలిసినట్టే. ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. డుగ్ డుగ్ మని మరీ నెమ్మదిగా కొట్టాలని స్లోను అడుగంటా దించమనే పిచ్చి ఒకటి బయల్దేరింది. ఈ ఇంజనులో ఆయిల్ పంపు క్రాంకు మీద నుంచే తిరుగుతుంది. స్లో తగ్గిన కొద్దీ ఆయిల్ తగ్గుతుంది. ఫోనులో రికార్డు చేసుకోవడానికి బాగుండే ఆ చప్పుడు బిగ్ ఎండ్ బుష్ ఆయుష్షు తింటుంది.

ఇరవై శాతం ఇథనాల్ తెచ్చిన తంటా

పెట్రోలు సంగతి. ఖరీదైన పెట్రోలు పోస్తే పాత బుల్లెట్ ఎగురుతుందనుకునేవాళ్లకు ముందో దండం. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలు ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్లకు. కొత్త 350లలో కంప్రెషన్ 9.5, పాత బుల్లెట్‌లో ఏడుకు అటూ ఇటూ. బంకులో దొరికే మామూలు పెట్రోలే దీనికి ఎక్కువ. మిగిలిన డబ్బులతో మంచి ఇంజన్ ఆయిల్ పోయండి. 2000 సంవత్సరంలో సీసం తీసేసినప్పుడు వాల్వు సీట్లు పోతాయని గోల చేశారు. నెమ్మదిగా నడిచే ఈ ఇంజనుకు భయపడినంత ఏమీ కాలేదు.

అసలు తంటా ఇథనాల్‌తో వచ్చింది. 2022లో కలుపు పది శాతానికి చేరింది, 2023లో మొదలైన ఇరవై శాతం పెట్రోలు ఇప్పుడు దాదాపు ప్రతి బంకుకూ వచ్చేసింది. చెరకు రైతుకు, దేశానికి లాభమంటున్నారు, కాదనను. కానీ పెట్రోలు పూర్తిగా మండడానికి బరువు లెక్కన ఒకటికి 14.7 వంతుల గాలి కావాలి, ఇథనాల్‌కు తొమ్మిది చాలు. కొత్త బండ్లలో సెన్సర్ ఆ తేడా చూసి పెట్రోలు పెంచుకుంటుంది. కార్బేటర్‌కు కళ్లు లేవు. పాత జెట్‌తోనే కొలిచి పోస్తుంది, ఫలితంగా గాలి ఎక్కువై మంట పలచబడుతుంది. ప్లగ్గు తెల్లబడటం, పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది, రేసు వదిలినప్పుడు సైలెన్సర్‌లో చిటపటలు, ఇంజను వేడి, అన్నీ దాని గుర్తులే. మందు కూడా పాతదే. నీడిల్‌ను ఒక గాడి పైకి లేపడం, మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచడం, ఎయిర్ స్క్రూ కాస్త మూయడం. ప్లగ్గు చదవడం వచ్చినవాడికి ఇదొక పూట పని.

ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. వానాకాలం నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు అడుగుకు దిగి తుప్పు పడుతుంది. పాత రబ్బరు పైపులు గట్టిపడి పగులుతాయి, పెట్రోల్ కాక్ వాషర్లు ఉబ్బుతాయి. నెల రోజులు బండి తీయనప్పుడు కార్బేటర్ అడుగు గిన్నె ఖాళీ చేయాలి, పైపులు ఇథనాల్‌కు ఆగేవి వేయించాలి. ఈ చిన్న మాటలు బంకు దగ్గర బోర్డు మీద రాసి పెట్టడానికి ఎవరికీ తీరిక లేదు. లక్షల పాత బండ్లు ఈ దేశంలో తిరుగుతున్నాయన్న ఊసే లేకుండా ఒకటే పెట్రోలు పోస్తామనడం అన్యాయం. తక్కువ కలుపు పెట్రోలు జిల్లాకు ఒక్క బంకులోనైనా ఉంచలేరా?

నకిలీ సరుకు, పటాకుల సైలెన్సర్లు

పెట్రోలును సెట్టింగుతో సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది మనుషుల బుద్ధి.

నకిలీ ప్లగ్గులతో మార్కెట్ నిండిపోయింది. డబ్బా అచ్చం అసలుదే. ప్లగ్గు చేతిలోకి తీసుకుని చూస్తే పింగాణీ మీద అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, పైన వంగిన కొన నడిమి కొన మీదకు సరిగ్గా రాదు, వాషర్ రేకులా పలచగా ఉంటుంది. కొత్తగా బిగించిన ప్లగ్గు మీద అనుమానం రాదు కాబట్టి మిస్సింగ్ వస్తే కార్బేటర్ విప్పుతారు, టైమింగు కదుపుతారు, ఉన్న సెట్టింగంతా పాడుచేస్తారు. నకిలీ పాయింట్లు ఇంకా ఘోరం. క్యామ్‌ను రుద్దుకునే మడమ నాసిరకం కావడంతో కొద్ది రోజులకే అరిగి గ్యాపు మూసుకుపోతుంది. నకిలీ కండెన్సర్ ఎప్పుడు చస్తుందో దానికే తెలియదు. పది రూపాయలు మిగులుతాయని ఇవి అమ్మేవాళ్లు, ఐదు రూపాయలు మిగులుతాయని కొనేవాళ్లు, ఇద్దరూ ఈ విద్యకు శత్రువులే. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ కిట్లు పెట్టించుకునేవాళ్లున్నారు. మంచి కిట్టు అయితే నేను తప్పు పట్టను. సంతలో దొరికే కిట్టు పెట్టుకుని, అది అనంతగిరి ఘాటులో చస్తే ఏం చేస్తారు? పాయింటు అయితే గోరుతో తెరిచి, కాగితంతో తుడిచి ఇంటికి రావచ్చు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది ఆ సైలెన్సర్లు చూస్తే. 2021లో ఒక పెళ్లికూతురు వరుడి ముందు ఆడిన "బుల్లెట్టు బండి" పాట ఊరూరా మోగింది. పాట బాగుంది, ఆ అమ్మాయి ఆటా బాగుంది. దాంతో పాటు ప్రతి కుర్రాడికీ బుల్లెట్ మోజు పట్టింది. బండి కొన్న వారానికే కంపెనీ సైలెన్సర్ విప్పి పడేసి, లోపల ఏమీ లేని గొట్టం బిగిస్తున్నారు. తాళం ఆపి, మళ్లీ వేస్తూ పటాకులు పేల్చడం ఒక ఘనకార్యం! లోపలి బాఫిల్ తీసేస్తే వెనక ఒత్తిడి మారిపోతుంది, కార్బేటర్ ఉన్న పాత బండి అయితే సెట్టింగు మొత్తం తప్పుతుంది, జెట్ మార్చకపోతే వాల్వు మాడుతుంది. చెప్పినా వినరు. పోలీసులు అలాంటి సైలెన్సర్లను కుప్పపోసి రోడ్డురోలర్‌తో తొక్కించిన ఫొటోలు పేపర్లో చూసినప్పుడు నాకు పండగే. ఎక్కడ బుల్లెట్ కనిపించినా జనం విసుక్కునే రోజు తెచ్చింది ఈ మూక. వాళ్ల మధ్య నిజమైన సెట్టింగు ఉన్న బండి గొంతు ఎవరికీ వినపడకుండా పోయింది.

యెజ్డీ వాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. మైసూరులో 1996 దాకా తయారైన ఆ టూ స్ట్రోకు బండికి వాల్వులే లేవు, టప్పెట్ల గొడవా లేదు, కిక్కు రాడ్డే గేర్ రాడ్డు. గొప్ప బండి, ఒప్పుకుంటాను. పెట్రోలులో ఆయిల్ కలిపే పాళ్లు తప్పకుండా ఉంచి, రెండు సైలెన్సర్లలోంచి నీలం పొగ కనిపించకుండా నడిపే యెజ్డీ ఉస్తాదులకూ నా సలాం. వాళ్లకు పట్టిన గతి ఇంకా ఘోరం, విడిభాగాలే లేవు. కానీ నాలుగు స్ట్రోకుల ఇంజనుకు నాలుగు పనులూ వేళకు జరిగేట్టు కూర్చడంలో ఉన్న ఆనందం దానికి లేదు. ఈ విషయంలో రాజీ లేదు.

ఈ చెట్లు, ఈ చేతులు

ఈ బీజాపూర్ రోడ్డు మీద వందల కొద్దీ మర్రిచెట్లున్నాయి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టేస్తారని తెలిసి కొందరు లెక్కలు తీశారు, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, ఏళ్ల తరబడి పోరాడారు. మంచి పని. అదే రోడ్డు పక్కన, ఆ చెట్ల నీడలోనే పనిచేసే మిస్త్రీల కోసం అడిగినవాడు లేడు. ఉస్తాద్‌కు ఇద్దరు కొడుకులు. ఒకడు సెల్‌ఫోన్ దుకాణంలో, ఇంకొకడు క్యాబ్ నడుపుతూ. "చోటూ" అని పిలవడానికి షెడ్డులో కుర్రాడే లేడు. నేర్చుకునేదానికి రెండేళ్లు పడుతుంది, ఆ రెండేళ్లూ జీతమిచ్చే స్తోమత ఆయనకు లేదు. రోజంతా కూర్చుని చేసిన సెట్టింగుకు ఆయన అడిగే మజూరీ కంటే మనవాళ్లు హ్యాండిల్‌కు తగిలించే ఫోన్ స్టాండు ఖరీదు ఎక్కువ. దానికీ బేరమాడతారు.

కాబట్టి చేవెళ్ల రోడ్డు మీద తిరిగే బండి ప్రేమికులందరికీ నా విన్నపం. మీ క్లబ్బులకు టీషర్టులు, స్టిక్కర్లు చాలు. ఏడాదికి ఒక కుర్రాడిని ఒక ఉస్తాద్ దగ్గర చేర్చి, వాడి జీతం క్లబ్బు తరఫున మీరు కట్టండి. ఐటీఐల్లో మోటార్ మెకానిక్ చదివే పిల్లలను ఒక నెల ఇలాంటి షెడ్లలో కూర్చోబెట్టమని అడగండి. స్కానర్ పట్టుకోవడం వాళ్లకు ఎలాగూ నేర్పుతారు, కాగితం ముక్కతో టైమింగు పట్టడం ఎవరూ నేర్పరు. విడిభాగం కొన్నప్పుడు బిల్లు అడగండి, పాతది వెనక్కి తీసుకుని పోల్చి చూడండి. టూల్ కిట్టులో ఒక ప్లగ్గు పానా, ఒక ఫీలర్ గేజ్, ఒక అసలు ప్లగ్గు ఉంచుకోండి, వాడటం నేర్చుకోండి. ఉస్తాద్ చెప్పిన మజూరీకి పైన వంద ఇచ్చి, పని జరుగుతున్నంతసేపు ఫోను జేబులో పెట్టుకుని పక్కన కూర్చోండి. ఆయనను అడగండి, చెప్తాడు. ఇంతకాలం అడిగినవాళ్లు లేకే ఊరుకున్నాడు.